కారణం గడి

మా నాయన ఉత్తరక్రియలు జరిగిన రోజు సాయంత్రం ఆయన పాత విద్యార్థులు కందుకూరులో ఒక కల్యాణమండపం తీసుకుని సంస్మరణ సభ పెట్టారు. ఏడుగురు మాట్లాడారు. ఆ ఏడుగురూ కలిసి 'త్యాగమూర్తి' అనే మాటను పదకొండు సార్లు వాడారు. ముందు వరసలో కూర్చున్న నేను వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టాను కాబట్టి ఆ సంఖ్యలో పొరపాటు లేదు. తండ్రి పోయిన కూతురు అలాంటి సభలో కూర్చుని లెక్కలు వేయవచ్చునా అని ఎవరైనా అడిగితే, ఆ అలవాటు ఆ తండ్రి దగ్గర అబ్బినదేనని చెప్పగలను. సభ అయిపోయాక ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, "మీ నాయన కొవ్వొత్తి లాంటి మనిషమ్మా, ఆయన కరిగిపోయి మాకు వెలుగిచ్చినాడు" అని కళ్ళు తుడుచుకున్నారు. నేను చేతులు జోడించి ఊరుకున్నాను. ఎనభై తొమ్మిదేళ్ళు బతికి, ఆఖరి ఏడు దాకా తెల్లవారుజామునే లేచి చెరువుకట్ట మీద నడిచి వచ్చి, రొట్టెలోకి ఊరుబిండి లేకపోతే మొహం ముడుచుకున్న మనిషి కరిగిపోయాడంటే నేను ఎట్లా ఒప్పుకునేది?

ఇంటికి వచ్చినా ఆ మాట నన్ను వదలలేదు. నాయన గొప్ప ఉపాధ్యాయుడు కాడని నేను అనడం లేదు; ఆయన గొప్పతనాన్ని దగ్గరగా చూసినదాన్ని గనుకనే ఆ మాట నాకు నచ్చలేదు. త్యాగం అన్నామంటే ఆయన చేతిలో ఉన్న పనితనాన్ని పక్కకు నెట్టి, ఆయన పోగొట్టుకున్నదాన్ని పొగుడుతున్నామన్నమాట. నాకు తెలిసినంతవరకు ఆయన పోగొట్టుకున్నది పెద్దగా ఏమీ లేదు. పోగొట్టుకున్నవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ ఫోటోకు ఆ మండపంలో దండ వేయలేదు.

నాయన 1934 ఏప్రిల్‌లో కందుకూరు తాలూకాలో పుట్టారు. అప్పటికి అది మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా. 1955 జూన్‌లో ఆయన ఉద్యోగంలో చేరేనాటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. మరుసటి ఏడు అది ఆంధ్రప్రదేశ్ అయింది. 1959 చట్టంతో పంచాయతీ సమితులు వచ్చి, జిల్లా బోర్డు అయివోరు కాస్తా సమితి అయివోరు అయ్యారు. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లో తలా కొంత కోసి ఒంగోలు జిల్లా చేసినప్పుడు కందుకూరు అందులోకి పోయింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్ళీ విడగొట్టినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరు జిల్లాలో చేరింది. ఆ వార్త పేపర్లో చదివి నాయన, "నేను యాడికీ పోలా. జిల్లాలే వచ్చి పోతుండాయి" అని కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. ఏడాది మీద నాలుగు నెలలకు, 2023 ఆగస్టులో, పుట్టిన జిల్లాలోనే పోయారు.

ఉద్యోగ జీవితాన్ని చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. మొదటి మూడేళ్ళు ఒక చోట, తరవాత 1958 నుంచి 1977 దాకా పంతొమ్మిదేళ్ళు మన్నేరు అనే ఏటి పక్కన ఒకే ఊళ్ళో, ఆ పైన మరో రెండు బడులు, చివర్లో ప్రధానోపాధ్యాయుడి కుర్చీ, 1992 ఏప్రిల్‌లో పదవీ విరమణ. నేను 1960లో పుట్టి, ఆ మన్నేటి పక్క బడిలోనే అయిదు దాకా చదివాను. నాలుగింటి గంట కొట్టేదాకా నాయనను 'సార్' అనాలి, గంట కొట్టాక 'నాయనా' అనవచ్చు. ఒకసారి నేను మధ్యాహ్నం మరిచిపోయి నాయనా అంటే ఆయన వినపడనట్టు బోర్డు మీద రాసుకుంటూ పోయారు గాని వెనక్కి తిరగలేదు.

ఆయన పోయాక బీరువా సర్దుతుంటే మళ్ళీ చేతికి వచ్చినవి కారణాల పుస్తకాలు. ఆ పేరు మా అమ్మ పెట్టింది. బడి రిజిస్టరు సర్కారుది. అందులో రాని పిల్లవాడికి సున్నా పడుతుంది, నెలాఖరుకు సున్నాలు కూడి పైకి పంపుతారు. ఈ పుస్తకం మాత్రం నాయన సొంత డబ్బుతో కొన్న పొడుగు నోటుపుస్తకం, ఏడాదికి ఒకటి. ప్రతి పేజీలోనూ స్కేలు పెట్టి నాలుగు గడులు గీసుకునేవారు: తేదీ, హాజరు పట్టీలో పిల్లవాడి వరుస సంఖ్య, కారణం, చేసినది. 1958లో మొదలుపెట్టి 1992 దాకా ముప్పై నాలుగు పుస్తకాలు రాశారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానుకు ఇంటి పెంకులు లేచిపోయి ట్రంకుపెట్టెలోకి నీళ్ళు దిగితే పదమూడు ముద్దయిపోయాయి, ఇరవై ఒకటి మిగిలాయి. నీలం సిరా, ఇనప పాళీ, అక్షరం అక్షరానికీ మధ్య గింజంత ఎడం.

కారణం గడిలో ఉన్నవి ఇట్లాంటివి. 'ఆకు అందించుటకు.' 'చెల్లెలిని ఎత్తుకొనుటకు.' 'వాగు.' 'చొక్కా ఉతికినారు, వేరొకటి లేదు.' 'అమ్మవారు పోసినది.' 'బర్రె ఈనినది.' 'మేనమామ పెండ్లి, ఉలవపాడు.' 'తండ్రి సారాయి.' ఒక చోట 'కారణము లేదు, ఊరకనే' అని కూడా ఉంది, దాని పక్కన చేసినది గడిలో 'నేనును ఊరకుంటిని' అని ఉంది. నాయనకు హాస్యం లేదని మా చుట్టాల్లో ఒక అభిప్రాయం ఉండేది. వాళ్ళు ఈ పుస్తకం చూడలేదు.

ఆకు అందించడమంటే పొగాకు పని. మా ప్రాంతంలో జనవరి నుంచి మార్చి దాకా వర్జీనియా పొగాకు రెలుపులు, అంటే ఆకు తుంచడం. కింది ఆకు ముందు పండుతుంది కాబట్టి చేనంతా ఒక్కసారిగా కోసేది కాదు, పండిన ఆకును పండినట్టు తుంచుకుంటూ కొన్ని రోజులకొక తూరి చేలో దిగాలి. తుంచిన ఆకును అదే రోజు కర్రలకు అల్లాలి. పెద్దవాళ్ళు పురికొసతో అల్లుతుంటే పక్కన కూర్చున్న పిల్లలు రెండేసి మూడేసి ఆకులు తొడిమలు కలిపి చేతికి అందించాలి. అల్లిన కర్రలు బ్యారన్‌లోకి ఎక్కించి వారం దాకా కట్టెల వేడి మీద కాలుస్తారు. అల్లేవాళ్ళకు కర్రల లెక్కన కూలి గనుక, అందించే చేతులు లేకపోతే ఆ ఇంటికి కూలి సగం తగ్గుతుంది. ఆ సంగతి తెలియకుండా 'పిల్లల్ని బడికి పంపండి, చదువు విలువ తెలుసుకోండి' అని ఊరి మధ్యలో ఉపన్యాసం చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ రోజుల్లో ఇనస్పెక్టర్లు వచ్చి చెప్పి పోయేవారు కూడా.

నాయన ఏం చేశారంటే, మొదటి రెండేళ్ళూ కారణాలు రాసుకున్నారు. మూడో ఏడు పుస్తకం ముందేసుకుని, ఏ బ్యారన్ దగ్గర ఏ పిల్లలు ఏ వేళకు ఉంటున్నారో పట్టిక వేశారు. ఆకు చేలోంచి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది, అందాకా పిల్లలకు పని లేదు అని ఆ పట్టికలో తేలింది. జనవరి సంక్రాంతి దాటగానే బడి గంట తెల్లవారి ఆరున్నరకు కొట్టడం మొదలుపెట్టారు. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పొగాకు పిల్లలకు లెక్కలు, చదవడం. ఆ తరవాత మామూలు వేళకు మామూలు పిల్లలు. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు ఆయనే లాంతరు పట్టుకుని బ్యారన్ దగ్గరికి పోయేవారు. కట్టెలు ఎగదోయడానికి రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి కదా, ఆ మంట వెలుగులో పలకలు పట్టుకుని ఎక్కాలు చెప్పించేవారు. బ్యారన్ రైతులకు కూడా అది నచ్చింది, కాపలావాడు నిద్రపోకుండా ఉంటాడని.

దీన్ని త్యాగం అనడానికి నాకు నోరు రావడం లేదు. వడ్రంగి చెక్క నార ఎటు ఉందో చూసుకుని చిత్రిక పట్టినట్టు, నాయన ఆ ఊరి పొద్దు ఎటు నడుస్తుందో చూసుకుని బడిని దాని వెంట నడిపారు. అది పనితనం. నేర్చుకుంటే వస్తుంది, చెబితే ఇంకొకరికి కూడా వస్తుంది. త్యాగమంటే పుట్టుకతో రావలసిన గుణమేదో అయిపోయి, అది లేని మామూలు అయ్యవారికి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. సభలో మాట్లాడిన ఏడుగురిలో ఒక్కరు కూడా ఆరున్నర గంట గురించి చెప్పలేదు. వాళ్ళలో ఇద్దరు ఆరున్నర బడి పిల్లలే. వాళ్ళ వరుస సంఖ్యలు నా దగ్గర ఉన్నాయి.

పైగా ఆయనకు ఆ పని ఇష్టం. తెల్లవారి లాంతరు ఆర్పుకుంటూ ఇంటికి వచ్చిన మనిషి మొహం నాకు జ్ఞాపకం ఉంది; పేకాటలో గెలిచి వచ్చినవాడి మొహం అట్లానే ఉంటుందని తరవాతెప్పుడో పెళ్ళిళ్ళలో పేకాటరాయుళ్ళను చూసినప్పుడు అనిపించింది. ఇష్టమైన పని చేసుకుని, దానికి జీతం తీసుకుని, పింఛను తీసుకుని, ఊరంతా లేచి నిలబడి దండం పెడుతుంటే బతికిన మనిషి అదృష్టవంతుడు. ఆయనే ఒప్పుకునేవారు.

జీతం సంగతి వచ్చింది కనుక ఒక మాట. సమితి రోజుల్లో జీతాలు నెలనెలా వచ్చేవి కావు. రెండు మూడు నెలలు ఆగిన సందర్భాలు మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే అప్పుడు అన్నం బదులు వరిగన్నం, తరవాత సంగటి వచ్చేది. నాయన దానిమీద ఊరుకోలేదు. ఉపాధ్యాయ సంఘంలో చేరి, సమితి ఆఫీసు ముందు కూర్చున్నారు, ఒంగోలు వెళ్ళి ఊరేగింపుల్లో నడిచారు. 1983లో ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు నలభై తొమ్మిదో ఏట ఉన్న మనిషి కోపంతో మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. తరవాత అది మళ్ళీ 58 అయింది కాబట్టి ఆయనకు ఆ మూడేళ్ళు దక్కాయి. త్యాగమూర్తి అని పిలవడంలో ఉన్న చిక్కు ఇక్కడ తెలుస్తుంది. త్యాగమూర్తికి జీతం ఆలస్యమైనా ఫరవాలేదు, బడికి కప్పు లేకపోయినా ఫరవాలేదు, ఆయన చెట్టు కింద కూడా చెబుతాడు. నాయన చెట్టు కింద చెప్పారు నిజమే, కాని చెప్పినన్నాళ్ళూ నెలకొక అర్జీ రాశారు. ఆ అర్జీల నకళ్ళు కూడా బీరువాలో ఉన్నాయి.

ఇక అమ్మ. మా ఊరికీ వాగవతల ఉన్న పల్లెకూ మధ్య మామూలు రోజుల్లో మోకాలి లోతు నీళ్ళు. మా వైపు వానలు ఈశాన్యం నుంచి అక్టోబరు మొదలు డిసెంబరు దాకా పడతాయి. ఆ మూడు నెలల్లో వాగు ఎప్పుడు పొంగుతుందో తెలియదు. అవతల ఉన్నవి దళితవాడ, దాని చివర యానాదుల గుడిసెలు. కారణం గడిలో 'వాగు' అని వరసగా పది పన్నెండు సంఖ్యల పక్కన పడుతూ ఉండేది. 1964 అక్టోబరులో చేసినది గడిలో ఒక వాక్యం ఉంది: 'వాన తగ్గువరకు పిల్లలు మన వసారాలో పండుకొందురు.' మన వసారా అన్నారు గాని, మా అమ్మను అడిగినట్టు ఎక్కడా లేదు. ఆ ఏడు ఎనిమిది మంది పిల్లలు గోనె పట్టాలు పరుచుకుని మా వసారాలో పడుకున్నారు. తరవాత ఎనిమిదేళ్ళు ప్రతి వానాకాలమూ అంతే.

వాళ్ళకు రెండు పూటలా వండింది అమ్మ. పిండి విసిరిందీ, కట్టెలు తెచ్చుకున్నదీ అమ్మే. జీతం ఆగిన నెలల్లో ఆమె చెవుల కమ్మలు కోమటి అంగడికి పోయి వస్తూ ఉండేవి. ఆమె ఏ ఆదర్శాలతోనూ మొదలుపెట్టలేదు, ఇష్టంగానూ మొదలుపెట్టలేదు. మొదటి ఏడు ఆ పిల్లలకు సత్తు పళ్ళేలు వేరుగా ఉండేవి. తిన్నాక వాళ్ళే కడిగి పిట్టగోడ మీద బోర్లించాలి, అవి ఇంట్లోకి రాకూడదు. మా అవ్వ మాట అది, అమ్మ దానికి ఎదురు చెప్పలేదు. నాయన కూడా ఆ పళ్ళేల గురించి ఒక్క మాట మాట్లాడలేదని ఇక్కడ రాయక తప్పదు. రెండో ఏడో మూడో ఏడో, ఒక రాత్రి గాలివానకు ఆ పళ్ళేలు ఎగిరి పోయి దొడ్లో చెల్లాచెదురైతే, పొద్దున్నే అమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని బురదలోంచి ఒక్కొక్కటే ఏరుకొచ్చి, కడిగి, వంటింట్లో మా పళ్ళేల మీద పెట్టింది. అవ్వ చూసింది. అమ్మ పొయ్యి ఊదుకుంటూ ఉంది. ఆ తరవాత పిట్టగోడ మీద పళ్ళేలు లేవు. పెద్దయ్యాక నేను దాన్ని గురించి అడిగితే, "వానకి తడుస్తుంటే తీసి లోపల పెట్టినా, అంతే గందా" అంది. అమ్మ 2009లో పోయింది. ఆ రోజు వచ్చిన జనం వీధి దాటలేదు.

త్యాగం అనే మాట తప్పనిసరిగా వాడాలంటే ఆ పదకొండు సార్లలో ఒకటి రెండు ఇటు వేసి ఉండవలసింది. మాస్టారి భార్య అనే మనిషికి మన భాషలో పేరు కూడా సరిగా లేదు. అయివోరమ్మ అంటారు, భర్త పేరుకు తోకలాగా. ఆమెకు జీతం లేదు, పింఛను ఆయన తరవాత రావలసినది, ఆయన కన్నా ముందే ఆమె పోయింది.

సభలో ఒకాయన, పెద్ద హోదాలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, "సారు బెత్తం దెబ్బలే నన్ను మనిషిని చేసినాయి" అన్నారు. చప్పట్లు మోగాయి. నాయన ఉండి ఉంటే చప్పట్లు కొట్టేవారు కాదు. 1962 పుస్తకంలో సెప్టెంబరు నెలలో పద్దెనిమిదో సంఖ్య పిల్లవాడు వరసగా గైరుహాజరు. కారణం గడిలో 'నేను కొట్టినందువలన' అని ఉంది. పలక పగలగొట్టుకుని, పక్కవాడే పగలగొట్టాడని అబద్ధం చెప్పాడని కొట్టారట. పలక నిజంగానే పక్కవాడు పగలగొట్టాడని రెండు రోజుల తరవాత తెలిసింది. చేసినది గడిలో పదహారు తేదీలు ఉన్నాయి, ఆ ఇంటికి వెళ్ళిన తేదీలు. చివరి తేదీ పక్కన 'మద్రాసు పోయినాడు' అని రాసి ఉంది. పిల్లవాడికి అప్పుడు పదేళ్ళు. మా వైపునుంచి మద్రాసు రైలెక్కి హోటళ్ళలో గ్లాసులు కడగడానికి పోయిన పిల్లలు ఎందరో, వాళ్ళలో ఒకడిగా ఆ పద్దెనిమిదో సంఖ్య కూడా పోయాడు. మళ్ళీ ఏ పుస్తకంలోనూ అతని సంఖ్య లేదు. ఆ తరవాత నాయన బెత్తం పటంలో కృష్ణ, గుండ్లకమ్మ, పెన్న నదులను చూపించడానికి మాత్రమే వాడేవారు. పిల్లలను కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షనులో రాసినప్పుడు, పేపరు చదివి, "నలభై ఏడేళ్ళు ఆలస్యం" అన్నారు. ఎవరికి ఆలస్యమో చెప్పలేదు. దెబ్బలు తిని మనుషులైనవాళ్ళు వేదికెక్కి మాట్లాడతారు, దెబ్బలు తిని పారిపోయినవాళ్ళకు సభ జరుగుతున్నదన్న సంగతే తెలియదు. ఇటువంటి సభల్లో వినిపించే సాక్ష్యమంతా ఒక వైపుదే.

ఆ రోజు మాట్లాడనివాళ్ళలో ఒకామె ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక సంచి నిండా ఉలవపాడు సపోటాలు తెచ్చి వంటవాళ్ళకిచ్చి, వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంటే నేనే వెళ్ళి పలకరించాను. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దది. "మా ఇంటికి అయివోరు ఏడు తూర్లు వచ్చినాడమ్మా. మా నాయన పంపలా" అంది. కాసేపాగి, "ఎనిమిదో తూరి వస్తాడేమోనని గడప కాడ కూచోనుండేదాన్ని" అంది. ఇంటికి వచ్చి పుస్తకం తీసి చూశాను. 1967, ఇరవై మూడో సంఖ్య, కారణం 'పెండ్లి ఈడు అని', చేసినది గడిలో ఏడు తేదీలు. ఆమె చెప్పిన లెక్క సరిపోయింది. ఏడో తేదీ కింద అడ్డగీత. ఎనిమిదోసారి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, ఏడుసార్లు వెళ్ళిన మనిషిని ఎనిమిదోసారి వెళ్ళలేదని నిలదీయడం కూడా న్యాయం కాదు. కాని ఆ ఏడుగురి ఉపన్యాసాల కన్నా ఆ ఒక్క మాటలో నాయన పని ఎక్కువ కనిపించింది నాకు, దాని హద్దు ఎక్కడ ఉందో కూడా కనిపించింది.

'తండ్రి సారాయి' అన్న కారణానికి ఆయన దగ్గర మందు లేదు. మిగిలిన ఇరవై ఒక్క పుస్తకాల్లోనూ ఆ రెండు మాటలు ఉన్నాయి, పక్క గడి చాలాచోట్ల ఖాళీ. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు మొదలైనప్పుడు, కలిగిరి వైపు మా మేనత్త ఊళ్ళో కూడా ఒకటి పెట్టారు. పదవీ విరమణ అయిన నెలలోనే నాయన అక్కడికి వెళ్ళి కొన్నాళ్ళు ఉన్నారు. పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్ళు కూడబలుక్కుని చదువుకునే వాచకాల్లో సారాయి గురించి కూడా పాఠం ఉండేది. 1992 నాటికి ఆ దగ్గరలోని దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారాయి అంగడి మూయించారు, అది ఊరూరికీ పాకి జిల్లా అంతటా వేలంపాటలు ఆగిపోయే దాకా వచ్చి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధమైంది. ఆ కబుర్లు చెబుతూ నాయన మా అమ్మతో, "ముప్పై ఏడేళ్ళు పిలకాయలకి చదువు చెప్పినా. వాళ్ళ అమ్మలకి ముందు చెప్పుండాల్సింది" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. ఆమెకు సంతకం పెట్టడం వచ్చు, పేపరు చదవడం రాదు. ఆ సంగతి ఆయనకు ఆ క్షణంలో తట్టిందో లేదో నేను చెప్పలేను.

ఈ మధ్య ఎవరిని కదిపినా 'ఆ కాలం అయివోర్లు వేరు, ఇప్పటివాళ్ళకు జీతాల యావ తప్ప ఏముంది' అంటున్నారు. నాయన సభలోనూ ఆ మాట వచ్చింది, వెనక వరసల్లో కూర్చున్న ఇప్పటి టీచర్లు తలలు దించుకున్నారు. నాకు సిగ్గు వేసింది. నాయన ఒకే ఊళ్ళో పంతొమ్మిదేళ్ళు ఉన్నారు, ఆ ఊళ్ళోనే కాపురం పెట్టారు కాబట్టి బ్యారన్ ఏ వేళకు నిండుతుందో, ఏ ఇంట్లో చొక్కా ఒకటే ఉందో తెలిసింది. పైకి పంపవలసిన కాగితం నెలకు ఒకటి. ఇప్పటి అమ్మాయి ముప్పై కిలోమీటర్ల అవతలి నుంచి బస్సు పట్టుకుని వచ్చి, 2022 నుంచి ఫోన్ యాప్‌లో వేళ దాటకుండా తన ముఖం చూపించి, పిల్లల హాజరు ఎక్కించి, మధ్యాహ్న భోజనం వివరాలు ఎక్కించాలి; మధ్యలో కొన్నేళ్ళు మరుగుదొడ్డి ఫోటో కూడా తీసి పంపవలసి వచ్చింది. ఆ యంత్రానికి ఎవరు రాలేదో తెలుస్తుంది. ఎందుకు రాలేదో అడిగే గడి అందులో లేదు, ఆ గడి నింపడానికి ఆమెకు సాయంత్రం మిగలదు కూడా. బస్సు వెళ్ళిపోతుంది. నాయనను ఆమె మీదికి కర్రలాగా వాడటం నాయనకు మర్యాద కాదు. ఆయనకు దొరికినన్నేళ్ళు ఆమెకూ ఒక ఊళ్ళో ఇచ్చి చూడమని అడగడం న్యాయం.

నాయన భిన్నాలు రొట్టె మీద చెప్పేవారు. సజ్జరొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని వచ్చి, బల్ల మీద పెట్టి, సగం, పావు, అరపావు అని విరుస్తూ, విరిచిన ముక్క సరిగా చెప్పినవాళ్ళకు తినడానికి ఇచ్చేవారు. ఆ పాఠం కోసం అయిదో తరగతి పిల్లలు ఏడాదంతా కాచుకుని ఉండేవారని ఆ సభలో ఇద్దరు చెప్పారు. నేను ముప్పై మూడేళ్ళు ఒక ఆఫీసులో పద్దులు రాశాను. దశాంశాలు నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు గాని, భిన్నాలు కనిపిస్తే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. అయివోరి కూతురికి భిన్నాలు రావని మా ఇంట్లో అదొక వేళాకోళం.

1969-70 పుస్తకంలో నా వరుస సంఖ్య తొమ్మిది. జనవరి 19న ఆ సంఖ్య పక్కన కారణం 'తల్లి ప్రసవము, ఇంటి పని' అని ఉంది. దాని కింద ఇరవై ఒక్క పనిదినాలు, ఫిబ్రవరి 13 దాకా, రెండేసి చుక్కలు, పై కారణమే అని అర్థం. మా కడగొట్టు తమ్ముడు పుట్టిన రోజులవి. మధ్యలో ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా కూడా పుట్టింది. అవ్వ అప్పటికి మంచంలో ఉంది. తొమ్మిదేళ్ళదాన్ని, రొట్టెలు తట్టి, నీళ్ళు తోడి, చంటివాడి గుడ్డలు ఉతికి, నాయనకు బడికి అన్నం కట్టి పంపాను. అదే పుస్తకంలో, అదే నెలలో, చెల్లెల్ని ఎత్తుకోవలసి వచ్చి ఆగిపోయిన ఇద్దరు ఆడపిల్లల పక్కన చేసినది గడిలో 'చంటిదానిని కూడ బడికి తీసుకొని రమ్మంటిని, వచ్చినారు' అని ఉంది. గోనె పట్టా మీద ఆ పసిపిల్లలు పడుకుని ఉండటం నేను తరవాత చూశాను. నా తొమ్మిదో సంఖ్య పక్కన ఆ గడి ఇరవై రెండు వరసల మేర ఖాళీ.

2015లో ఒకసారి ఆయనను చూడటానికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తీసి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. దెప్పడానికే పెట్టానని ఒప్పుకుంటాను. నాయన కళ్ళజోడు తుడుచుకుని, వేలు పెట్టి గడి గడీ కిందిదాకా చదివారు. ఖాళీ గడి దగ్గర వేలు ఆగింది. వెనక పేజీ తిప్పి, ముందు పేజీ తిప్పి, ఏదో తేదీ వెతుక్కున్నారు.

"భిన్నాలు ఆ నెల్లోనే చెప్పినానమ్మాయ్" అన్నారు. "రొట్టె వంకర. సమంగా విరిచేదానికి నానా తిప్పలూ పడ్డా."

ఆ రొట్టె నేను తట్టిందే. ఆ సంగతి ఆయనకు గుర్తుందా అని నేను అడగబోతుంటే, గోడకున్న కేలండరులో అయిపోయిన నెల చింపి వెనక్కి తిప్పి, పెన్సిలు తీసుకుని ఒక గుండ్రటి గీత గీసి, నన్ను దగ్గరికి జరగమన్నారు. ఒంగోలు బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. ఆ బస్సు నాకు అందలేదు.